నేర్పునకు న్యాయమైన వెల యేది?

బియ్యమునకు తూనిక కలదు, వస్త్రమునకు కొలత కలదు. విద్యకును నేర్పునకును అట్టి మానిక లేదు. ఇటీవల చిన్న గ్రామముల ధర్మకర్తలును స్వామివారి ఉత్సవ వివరములు దూరదేశములందలి భక్తులకు తెలియుటకై వెబ్‌సైటును చేయించుచున్నారు. ఆ పనికి ఒకడు పదివేలు అడుగును, మరియొకడు లక్ష అడుగును. కంటికి రెండును ఒకే రీతిగా కనబడును. ఏది న్యాయమైన వెల? ఇది లెక్కల ప్రశ్నవలె తోచినను ధర్మప్రశ్నయే.

కౌటిల్యుని అర్థశాస్త్రమున, ధర్మస్థీయాధికరణమున, దీనికి దగ్గరి నిర్ణయ మొకటి యున్నది. జీతము ముందుగా మాటాడుకొననిచో సేద్యగానికి పంటలో, గోపాలునకు నేతిలో, వర్తకము చేయువానికి సరకులో పదియవ వంతు ఈయవలెను. శిల్పులకు, వైద్యులకు, నటులకు మాత్రము ఆచార్యుడు వంతు చెప్పలేదు. అట్టి పనివారు ఇతరులు పుచ్చుకొనునంత, లేదా ఆ విద్య తెలిసినవారు నిర్ణయించునంత ఈయవలెననెను. పంటను కుప్పవోసి పంచవచ్చును, చికిత్సను కుప్పవోయుటెట్లు? వెబ్‌సైటు చేయువాడు ఈ రెండవ తెగవాడే. కావున ఆ పని యెరిగిన ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడుగవలెను.

ఎరిగినవారు పుటల సంఖ్యను చూడరు. సెల్‌ఫోనులో తెరచినను అక్షరములు చెదరకుండునా, విరాళము చెల్లించుచోట భద్రత యున్నదా, సేవల వేళలు మారినపుడెల్ల దిద్దువారెవరు, ఇవి చూతురు. డొమైను పేరునకును సర్వరులో చోటునకును ఏటేట కట్టు రుసుము వేరు. అది చేసినవాని కూలి కాదు. పన్ను నమోదు గలవాడైనచో 18 శాతము జీఎస్టీ అదనము. ఇవన్నియు విడదీసి వ్రాసి యిచ్చినవాని వెల హెచ్చుగా కనబడినను నమ్మదగినది. మరియొకటి: డొమైను పేరు దేవాలయము పేరనే నమోదు కావలెను. చేసినవాని పేర నున్నచో స్వామివారి చిరునామాకు తాళము పరుని చేతిలో నుండును. చౌకగా దొరకినది అప్పుడు మిక్కిలి ప్రియమగును.

ఇక "దేవుని పని కదా, తగ్గింపుము" అను మాట. దీనియందు నాకు సమ్మతి లేదు. భాగవత దశమస్కంధమున, బాలకృష్ణుడు తెచ్చిన ధాన్యము దారిలోనే జారిపోయినను, పండ్లమ్మునామె ఆయన దోసిలి నిండ పండ్లు పోసెను. స్వామి ఆమె గంపను రత్నములతో నింపెను. బేరమాడు ధర్మకర్తలు ఆ కథలో పండ్లను గ్రహించి రత్నములను మరతురు. కైంకర్యమను మాట చేయువాని నోట రావలెను. చేయించుకొనువాని నోట వచ్చినచో అది ఒత్తిడియే. ఆ యువకుడు ఇంటి అద్దె కట్టవలెను. కాదని చెప్పుటకు భక్తి అడ్డువచ్చును. పూర్తి వెల ముందు అతని చేత పెట్టుడు. పిదప హుండీలో ఏమి వేయునో అది అతనికిని స్వామికిని సంబంధించినది.

చేయువానియందును దోషమునకు చోటున్నది. తన త్రాసు సర్వభూతములయెడ సమమని శాంతిపర్వమున తులాధారుడు జాజలితో చెప్పెను. కంప్యూటరు ఎరుగని వృద్ధునకొక వెల, ఎరిగిన వర్తకునకొక వెల చెప్పువాని త్రాసు అట్టిది కాదు. సిద్ధముగా దొరకు అచ్చును తెచ్చి, పేరు మాత్రము మార్చి, క్రొత్తగా మలచితిననుటయు మోసమే. అచ్చును వాడుట తప్పు కాదు, చిన్న ఆలయమునకు అది చాలును. ఆ సంగతి చెప్పి ఆ మేరకు వెల తగ్గింపవలెను. అట్లని, పది దినములలో ముగించెను గావున పది దినముల కూలి చాలునను వాదమును చెల్లదు. పారాయణము ఒక జాములో ముగియును. దాని వెనుక పండ్రెండేండ్ల అధ్యయనమున్నది. సంభావన యిచ్చునపుడు ఆ పండ్రెండేండ్లను లెక్కింపని సభలను నేనెరుగుదును గాని, ఆ ప్రసంగ మిచట వలదు.