ఊగకూడని ఊయల

మోటారుసైకిల్ ఛాసిస్‌లో ఇంజనుని పట్టి ఉంచే గొట్టాల చట్రాన్ని ఇంగ్లీషులో క్రేడిల్ అంటారు. రెండు గొట్టాలు ముందునుంచి కిందికి దిగి, ఇంజను పొట్ట కిందుగా సాగి, వెనక చక్రాన్ని పట్టుకునే భాగంలో కలుస్తాయి. తెలుగులో ఏమందాం? ఊయల అందామంటే, ఊయల ఊగాలి కదా. ఇది ఊగితే ప్రాణం మీదికొస్తుంది.

మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఒక అద్దె వర్క్‌షాపులో సాయంత్రాలు ఈ క్రేడిల్ తయారుచేస్తోంది. 1960ల నాటి ట్రయంఫ్ 500 సి.సి. ఇంజనుని అదే కాలపు మరో కంపెనీ ఛాసిస్‌లో కూర్చోబెట్టాలి. బురదలో, గుట్టల మీద నడిపే బండి. నడపబోయేది తన స్నేహితురాలు. పాత ఛాసిస్ కింది గొట్టాలు తుప్పు తిన్నాయి. పైగా అవి వేరే ఇంజను కోసం వంచినవి. అందుకని వాటిని కోసేసి కొత్తవి వేస్తోంది. నేను స్టూలు మీద కూర్చుని చూస్తుంటాను.

ఒక కంపెనీ ఇంజను, మరో కంపెనీ ఒళ్ళు కలపడం ఆ దేశంలో పాత అలవాటే. 1960 ప్రాంతంలో డెరెక్, డాన్ అనే రిక్‌మన్ సోదరులు ఇలాగే కలిపి కట్టిన బండికి 'మెటిస్' అని పేరు పెట్టారు. ఫ్రెంచిలో అది స్త్రీలింగం. సంకర సంతానమైన ఆడమనిషి అని అర్థం. వర్ణసంకరానికి ఆడవాళ్ళ నడతే కారణమని గీతలో అర్జునుడి నోట విన్నవాళ్ళం కాబట్టి ఈ పేరు దగ్గర కాస్త ఆగుతాం. నార్టన్ కంపెనీ 1950లో తెచ్చిన ఛాసిస్ పేరు 'ఫెదర్‌బెడ్', అంటే ఈకల పరుపు. ఊయల, పరుపు, సంకర కన్య! ఇంట్లో మాటలన్నీ కార్ఖానాలోకి ఎప్పుడో వెళ్ళాయి. ఆ మాటలతో పాటు ఆడవాళ్ళని రానిచ్చారా అన్నది వేరే సంగతి. 

పని ఎలా జరుగుతుందంటే, ముందు లోపలి సరుకంతా తీసేసిన ఖాళీ ఇంజను డొల్లని ఛాసిస్‌లో దిమ్మల మీద నిలబెడతారు. గేరుబాక్సు పళ్ళచక్రం, వెనక పళ్ళచక్రం ఒకే గీతలో ఉండాలి. పొడుగాటి ఇనప స్కేలు ఆనించి చూస్తారు. గీత తప్పితే గొలుసు ఓ పక్కకి అరుగుతుంది. ఇంజను మరీ కిందికి దిగితే రాళ్ళు తగులుతాయి, పైకి లేస్తే బండి బరువు పైకెక్కి తూలుతుంది. ఆ చోటు కుదిరాకే గొట్టాలు వంచడం. ఒక గొట్టం ఇంకోదాన్ని తాకేచోట చేప నోరులా కోసి, వెలుతురు కనిపించనంత వరకూ ఆకురాయితో రుద్దుతుంది. తర్వాత చుక్కలు చుక్కలుగా అతుకు. వేడి లోహాన్ని ఒక పక్కకి లాగుతుంది కాబట్టి ఎడమవైపు కాస్త, కుడివైపు కాస్త, మధ్యలో చల్లారేదాకా ఎదురుచూపు. మళ్ళీ స్కేలు. మళ్ళీ అతుకు. ఈ ఇంజనులో రెండు పిస్టన్లూ ఒకేసారి లేచి ఒకేసారి దిగుతాయి. ఆ అదురు పూర్తిగా ఎప్పటికీ పోదు. బండి నడిచినన్నాళ్ళూ ప్రతి అతుకునీ పరీక్షిస్తూనే ఉంటుంది.

ఒకరోజు పక్క బల్ల దగ్గర పనిచేసే పెద్దాయన మెచ్చుకున్నాడు. "ఎంత ఓపిక! ఆడపిల్లలకి అది పుట్టుకతోనే వస్తుంది." ఆయన మంచివాడే. అయినా ఆ మాట నన్ను చాలారోజులు వదల్లేదు. అదే పని ఆయన చేస్తే పనితనం అంటాం, నేర్చుకున్నది అంటాం. రెండేళ్ళు రాత్రి క్లాసులకి వెళ్ళి, చేతులు కాల్చుకుని నేర్చుకున్నదాన్ని ఒక్క మెచ్చుకోలుతో పుట్టుకలో కలిపేశాడు.

ఇందులో మన పాత్ర కూడా ఉందేమో. 1982లో కారల్ గిలిగన్ పుస్తకం వచ్చాక సంరక్షణని ఒక నీతిగా చూడడం మొదలైంది. అది మనకి ఎంతో ఇచ్చింది. కానీ ఆ పుస్తకాన్ని చదివినవాళ్ళూ చదవనివాళ్ళూ కూడా దాన్ని 'ఆడవాళ్ళ స్వభావం'గా కుదించేశారు. 1989లో సారా రడిక్ చెప్పిన మాట నాకు ఎక్కువ పనికొస్తుంది. పిల్లల్ని పెంచడం ఒక పని, ఆ పనిలోంచే ఒక ఆలోచనా క్రమశిక్షణ పుడుతుంది, అది మగవాళ్ళు చేసినా పుడుతుంది అంటుందామె.

మన పొలాల గట్ల మీద, కడుతున్న మేడల పక్కన కూలితల్లి కట్టే చీర ఊయలని చూడండి. మెత్తబడిన పాత నూలు చీరే కావాలి, కానీ పీలికలయ్యేంత పాతది కాకూడదు. ఏ కొమ్మ? నేలకి ఎంత ఎత్తు? చీమలు ఎక్కకూడదు, పడితే దెబ్బ తగలకూడదు. ముడి వేశాక తన బరువంతా వేసి లాగి చూస్తుంది. బరువు, తన్యత, భద్రత, అన్నీ ఉన్నాయందులో. దాన్ని మనం 'తల్లి ప్రేమ' అని కవిత్వం రాసుకున్నాం, నేనూ చదివి కళ్ళు తుడుచుకున్నదాన్నే. ఆ ముడి వేసే విద్య ఆమెకి కూలిలో లెక్కకి రాలేదు.

ఈ మాట మా అమ్మాయితో అన్నాను. "అయితే నేను ప్రేమతో చేస్తున్నానంటావా, లేదంటావా?" అంది. జవాబు చెప్పలేదు. గిలిగన్‌ని వదులుకుని నైపుణ్యం ఒక్కటే చాలని నేను అనలేను. ఎందుకంటే పోయిన వారం ఇలా జరిగింది. కుడివైపు వెనక అతుకు చూడ్డానికి చక్కగా, వరసలు తీరి వచ్చింది. పెద్దాయన బొటనవేలు చూపించాడు. కానీ లోహం వేళ్ళదాకా కరగలేదని దానికి అనుమానం. గొట్టం మూసుకుపోయింది, లోపల ఎవరూ చూడలేరు. రంగు వేశాక అసలే కనిపించదు. "ఎవరికి తెలుస్తుందమ్మాయ్?" అన్నాడాయన. అది రంపం తీసుకుని రెండు సాయంత్రాల పని కోసేసింది. కొలతే చాలుననుకుంటే స్కేలుకి ఆ అతుకు సరిగ్గానే ఉంది.

స్నేహితురాలికి ఈ సంగతి చెప్పావా అని అడిగాను. "ఎందుకు చెప్పాలి? చెప్తే దారిలో ప్రతి గుంటకీ దాని గురించే ఆలోచిస్తుంది" అంది, కొత్త గొట్టం మీద సుద్దతో గీత గీస్తూ.