బట్వాడా సాయంత్రం

గోదావరి ఒడ్డున ఒక పట్నంలో ఒక తాపీ మేస్త్రి ఉండేవాడు. అతను కట్టిన గోడకి వంక పెట్టినవాళ్లు లేరు. అతని వంకరంతా శనివారం సాయంత్రం, బట్వాడా అందాక మొదలయ్యేది. ఇంటికి చేరేసరికి సగం కూలి వైన్ షాపులోనే కరిగిపోయేది. ఒక శనివారం కూతురి పరీక్ష ఫీజూ అలాగే పోయింది. ఆ రాత్రి భార్య గొడవ పడలేదు. "ఇక నీ కూలిని లెక్కలో పెట్టుకోకుండానే ఇల్లు నడుపుకుంటాను" అంది. ఆ మాటకి మేస్త్రి భయపడ్డాడు.

పెద్దాసుపత్రికి వెళ్లాడు. వణుకు తగ్గేదాకా కొన్నాళ్లు అక్కడే ఉంచి, పంపేటప్పుడు డాక్టరు చెప్పాడు: "తాగుడు ఆపించటం వరకే మా పని. మళ్లీ మొదలెట్టకుండా ఉండాలంటే ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ల మీటింగుకి వెళ్లు. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి మాట్లాడుకునే చోటది."

మొదటిది ఆదివారం పొద్దున. వచ్చినవాళ్లంతా రిటైరైన ఆఫీసర్లు, మాటలన్నీ ఇంగ్లీషు. టీ ఇచ్చారు, ఆదరంగా పలకరించారు, కానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండో చోట అంతా తెలుగే. అయితే ఎదురు కుర్చీలో తనకి పనులిచ్చే కాంట్రాక్టరు తమ్ముడు కూర్చున్నాడు. మేస్త్రి నోరు పెగల్లేదు. మూడో చోట దేవుడి మాటలు ఎక్కువయ్యాయనిపించింది. మూడు కారణాలూ నిజమైనవే. మూడింటినీ వెంటబెట్టుకుని అతను వైన్ షాపుకే పోయాడు.

మూడో మీటింగులో ఒక పాత లారీ డ్రైవరు అతన్ని గమనించాడు. మళ్లీ కనబడినప్పుడు ఆపి అడిగాడు: "తమ్ముడూ, నువ్వు ఎప్పుడు తాగుతావు? ఏ రోజు, ఎన్నింటికి?"

ఎందుకు తాగుతావని అందరూ అడిగారు. ఇలా ఎవరూ అడగలేదు. "శనివారం అన్నా. ఆరున్నరకి."

"మరి ఆదివారం మీటింగు నిన్నెలా ఆపుతుంది? మార్కెట్టు వెనక ట్యూషన్ గదిలో శనివారం ఆరింటికి ఒకటుంది. హమాలీలు, డ్రైవర్లు వస్తారు. నేనూ ఉంటాను."

"అదీ నచ్చకపోతే?"

"నచ్చలేదని నాకు ఫోన్ చెయ్. షాపుకెళ్లి చెప్పకు. ఇంకోటి వెతుకుదాం."

శనివారం డబ్బు జేబులో పెట్టుకుని, కాళ్ల సిమెంటు కడుక్కోకుండానే మేస్త్రి ఆ గదికి వెళ్లాడు. ఒక హమాలీ మాట్లాడుతున్నాడు. ఈ వారం బట్వాడా సగమే ఇచ్చారని పెళ్లానికి ఎలా చెప్పేవాడో చెబుతున్నాడు. అది మేస్త్రి ఇంట్లో చెప్పే అబద్ధమే, ఆ మాటలతోనే. తలెత్తి చూశాడు. తన వంతు వచ్చినప్పుడు పేరు చెప్పి, "నేనూ తాగుబోతునే" అని మాత్రం అన్నాడు. మీటింగు అయ్యేసరికి ఏడున్నర దాటింది. కూలి డబ్బు మొత్తం జేబులోనే ఉంది.

తర్వాత ఒకసారి తప్పాడు. మర్నాడు డ్రైవరు పని జరిగే చోటికే వచ్చి, "నిన్న రాలేదేం?" అన్నాడు. ఆ తర్వాతి శనివారం మేస్త్రి వెళ్లాడు.

నీతి: మనం తాగే గంటకి తలుపు తెరిచి ఉండేది, మన అబద్ధాన్ని మన భాషలోనే పట్టుకోగలిగేది మనకి తగిన మీటింగు. అది మొదటిసారే దొరకాలని లేదు. వెతకటం తప్పు కాదు. వెతుకుతున్నానన్న సాకుతో తాగటం తప్పు.

ఏఏ పుట్టుకలోనే ఈ సంగతి ఉంది. 1935 మే నెలలో, ఒక శనివారం, న్యూయార్క్ స్టాక్ బ్రోకరు బిల్ విల్సన్ ఒహాయోలోని ఆక్రన్‌లో ఒక హోటల్లో ఒంటరిగా ఉన్నాడు. ఏ వ్యాపారం మీద వచ్చాడో అది చెడింది. పక్కనే బారు. తాగుడు మాని కొద్ది నెలలే అయింది. ఆ గంటలో అతను ఫోన్ దగ్గరికి నడిచి, మాట్లాడటానికి మరో తాగుబోతు కోసం చర్చిలకి ఫోన్లు చేశాడు. మర్నాడు సర్జన్ బాబ్ స్మిత్ దొరికాడు. పదిహేను నిమిషాలే ఉంటానన్న డాక్టరు గంటల తరబడి కూర్చున్నాడు. ఆయన చివరిసారి తాగిన 1935 జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా పాటిస్తారు.

ఏఏలో చేరటానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఫీజు లేదు. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఓపెన్ మీటింగుకి ఎవరైనా వెళ్లి చూడొచ్చు. మొదటిసారి వెళ్లేవాళ్లు తోడుగా ఇంట్లోవాళ్లని తీసుకెళ్లాలంటే ఓపెన్ మీటింగు ఎంచుకోవాలి. దేవుడి మాట ఇబ్బంది పెడితే, ఎవరికి తోచిన శక్తిని వాళ్లు తలుచుకోవచ్చని అక్కడివాళ్లే చెబుతారు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టరు, తర్వాత మీటింగు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్లు ఉన్నాయి: మత్తు మాన్పించే సాయానికి 14446, మనసు బాగోలేనప్పుడు టెలిమానస్ 14416.

మేస్త్రి భార్యలాంటి వాళ్ల కోసం ఆల్-అనాన్ అనే సంఘం ఉంది. బిల్ భార్య లోయిస్ పూనికతో 1951లో మొదలైంది. తాగేవాడు మానినా మానకపోయినా, ఏ మీటింగుకీ రాకపోయినా, ఆమె అక్కడికి వెళ్లొచ్చు.