నేర్చుకునేవాడి కూలి

ఏకలవ్యుడి కథ పాఠం చెబుతుండగా వెనక బెంచీ విద్యార్థి వొకడు లేచాడు. "అమెరికాలో ఇనుపపని నేర్చుకునేవాడికి జీతమిస్తారటండీ. మేము ఫీజులు కట్టి చదువుకుంటున్నాం. నేర్చుకునేవాడు లోకానికి బాకీయా, లోకం వాడికి బాకీయా?" వాళ్ళ నాన్న భవనాలకు కడ్డీలు కట్టే మేస్త్రీ. "అది ధనిక దేశం" అని తప్పించుకున్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు.

ఆ జీతం ధనం చూసి పుట్టింది కాదు. 1896లో పిట్స్‌బర్గ్‌లో ఉక్కుకట్టడపు పనివారు తమ జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఇవాళ ఆ సంఘంలో చేరిన కుర్రవాడు మూడు నాలుగేళ్ళపాటు పనివారి పక్కన నిలబడి దూలాలు బిగిస్తాడు, కడ్డీలు కడతాడు. తక్కిన వేళల్లో క్లాసుకు వెళ్ళి ప్లాను చదవటం, వెల్డింగు, క్రేనుకు బరువులు కట్టటం నేర్చుకుంటాడు. కూలి మొదటిరోజునుంచే. పూర్తి పనివాడి కూలిలో కొంత వంతుతో మొదలై దశలవారీగా పెరుగుతుంది. శిక్షణ నిధికి యజమానులు పనిగంటకింత చొప్పున చెల్లిస్తారు. అంతా సంఘం బేరమాడి రాయించుకున్న వొప్పందం.

తక్కువ కూలికి చాకిరీ చేయించుకోవటానికే గదా అనవచ్చు. అనుమానం న్యాయమైనదే. కాని "వంతు" అన్న మాటను గమనించండి. మన షెడ్లలో పెద్దమేస్త్రీ చివరి కిటుకు దాచుకుంటాడు. అతనిది దుర్బుద్ధి అనలేం. నేర్చిన మర్నాడే కుర్రవాడు సగం కూలికి తన చోటికి వస్తాడన్న భయం అది. కుర్రవాడి కూలి పెద్దవాడి కూలికి ముడిపడి, ఇంతమంది పనివారికి ఇందరే కుర్రవాళ్ళు అన్న హద్దు వుంటే ఆ భయం తగ్గుతుంది. విద్య దాచుకోనక్కరలేని గురువును తయారుచేసేది ఉపదేశం కాదు, ఇలాంటి ఏర్పాటు.

మరొకటి వుంది. 1907 ఆగస్టు 29న కెనడాలో కడుతున్న క్విబెక్ వంతెన కూలి 75 మంది చనిపోయారు. వారిలో 33 మంది కానవాకేకు చెందిన మోహాక్ జాతివారు. ఇనుము వంగుతున్నదని వంతెన మీదివారు ముందే చూశారు. తప్పిన లెక్క ఇంజనీర్లది. ఈ వృత్తిలో చెప్పే చాలా జాగ్రత్తల వెనక చనిపోయిన మనుషులున్నారు. అట్టి జ్ఞానం ఎవరి సొంత ఆస్తి? పోయినవారికి దక్షిణ ఇవ్వలేం. తరువాతివాడికి నేర్పటమే ఆ రుణం తీర్చే దారి. నేను సాహిత్యం చెప్పేవాణ్ణి. నా విద్యార్థి ఛందస్సు తప్పితే ఎవరూ చావరు. దూలం మీద కుర్రవాడు తప్పితే పక్కవాడి ప్రాణం పోతుంది.

అయితే ఆ సంఘాల చరిత్ర మచ్చలేనిది కాదు. తండ్రో మేనమామో సభ్యుడైతే తెరుచుకున్న తలుపు నల్లవారికి మూసుకునేది. 1969లో అమెరికా ప్రభుత్వం ఫిలడెల్ఫియా ప్రణాళిక కింద తన కాంట్రాక్టు నిర్మాణాల్లో అల్పసంఖ్యాకులకు చోటివ్వాలని లక్ష్యాలు పెట్టినప్పుడు, ఆ వృత్తుల జాబితాలో ఇనుపపని కూడా వుంది. తలుపు మూసినచోట హక్కు కాస్తా కులవృత్తి అవుతుంది. ఆ సంగతి మనకెవరూ విడమర్చి చెప్పనక్కరలేదు.

మన 1961 నాటి అప్రెంటిస్ చట్టంలోని 18వ సెక్షన్ నేర్చుకునేవాణ్ణి శిక్షణార్థి అంటుంది, కార్మికుడు కాడంటుంది. చేతికిచ్చేది స్టైపెండు. పేరు మారితే చెమట మారుతుందా? మేస్త్రీ వెనక బైండింగు తీగ మోసే కుర్రవాడికి ఆ పేరూ లేదు.

ఏకలవ్యుడికి రెండన్యాయాలు జరిగాయి. మొదట తలుపు మూశారు. తరువాత బొటనవేలు అడిగారు. మనం వేలి గురించే కన్నీరు పెడతాం. వచ్చే వారం ఆ పాఠం మళ్ళీ మొదలుపెడతాను, తలుపు దగ్గరనుంచి. ఆ విద్యార్థికి చెప్పవలసిన జవాబు ఇప్పుడు నా దగ్గర వుంది: నేర్చుకునేవాడు బాకీదారు కాడు బాబూ, వాడు పని చేస్తున్నాడు.