అద్దెగది – అతిథిధర్మము

కృష్ణా మూసీ నదుల సంగమమైన వాడపల్లికి అగస్త్యేశ్వరస్వామి దర్శనార్థము వచ్చు యాత్రికులలో ప్రొద్దుపోయినవారు మిర్యాలగూడ వంటి పట్టణములకు పోయి అద్దెగదులలో రాత్రి గడుపుదురు. ఎల్లచోట్ల గది శుచిగా నుండునని చెప్పజాలము. మాసిన దుప్పటి, నీరు రాని కుళాయి, గడియ పడని తలుపు, పరుపు కుట్లలో పగలెల్ల దాగి రాత్రి వెలువడి రక్తము పీల్చు నల్లులు, ఇవి ఎచ్చటి బాటసారులకును క్రొత్తవి కావు. పైకము పుచ్చుకొని ఇట్టి గది నిచ్చినవాడు ఏ ధర్మమును తప్పినట్లు?

"ఇచ్చిన అద్దెకు తగిన గది" యని కొందరు సమాధానము చెప్పుదురు. ఈ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. స్వల్పమైన అద్దెకు మెత్తని పరుపును, విశాలమైన గదిని కోరరాదు. కాని శుభ్రత విలాసము కాదు. అంతియేగాక, నిద్రించువాడు అసహాయుడు. పరుల యింట కన్ను మూయువాడు తన సొమ్మునే గాక తన దేహమును సైతము వారికి నమ్మి యప్పగించుచున్నాడు. అద్దె గదికి చెల్లును గాని ఆ నమ్మకమునకు వెల లేదు.

1867లో బ్రిటిషు పాలకులు చేసిన సరాయిల చట్టము గదులను, బావులను శుభ్రము చేయించు భారమును సరాయి నడుపువానిపై నుంచినది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వసతిని సేవగా నెంచి, లోపమున్నచో ఫిర్యాదు చేయు హక్కు నొసగుచున్నది. ఉచితసేవకు మాత్రము అది వర్తింపదు. కావున పైకమిచ్చినవానికి చట్టము తోడు, సత్రపు అరుగుపై ఊరక పరుండిన పేదకు ధర్మమే తోడు. బసవేశ్వరుడు బోధించిన దాసోహము విలువ ఇచ్చటనే తెలియును. వచ్చినవాడు ఏమిచ్చినాడని గాక, ఏ అవసరముతో వచ్చినాడని చూచుటయే దాసోహము. అద్దె తీసికొనువానికి ఆ వృత్తి కాయకమే. కాయకమున కపటము చేరరాదు. గదిలో లోపమున్నచో పైకము పుచ్చుకొనక మునుపే చెప్పవలెను.

బాటసారికిని ధర్మము కలదు. కోపము వచ్చినపుడు బకెట్టుతో నీళ్లు తెచ్చు పనివానిని తిట్టుట సులభము. పరుపు మార్పించు అధికారము వానికి లేదు. గల్లాపెట్టె కడ కూర్చున్న యజమానితోనే శాంతముగా చెప్పవలెను. "ఒక్క రాత్రియే గదా" యని మౌనముగా వెడలిపోవుట సహనమువలె కన్పట్టును. కాని ఆ మంచముపై మరునాటి రాత్రి మరియొకరు పరుందురు, బహుశః పసిబిడ్డతో వచ్చిన తల్లి. మనకు కలిగిన బాధను మనము క్షమింపవచ్చును. ఆమెకు కలుగబోవు బాధను క్షమించు హక్కు మనకు లేదు.

గది నిచ్చువాడు తాళపుచెవిని అతిథి చేతికిచ్చుటకు మునుపు, "ఈ పరుపుపై నా బిడ్డను పరుండబెట్టుదునా?" యని తన్ను తాను ప్రశ్నించుకొనిన చాలును.