ఎగతాళికి హద్దు ఎక్కడ?

ఓడిన జట్టు అభిమానిని గెలిచిన జట్టు అభిమాని ఆటపట్టించడం తప్పా? సమ్యక్ వాక్కు గురించి రాసుకునే ఈ పేజీల్లో ఫుట్‌బాల్ అభిమానుల కొట్లాటకు చోటెందుకని కొందరు ఉపాసకులు అనుకోవచ్చు. కానీ మన పిల్లలు రోజూ ఎక్కువగా మాట్లాడుతున్నది విహారంలో కాదు, ఇంట్లోనూ కాదు. ఫోన్‌లో. అక్కడ వాళ్లు అనే మాటలు, పడే మాటలు చాలావరకు ఏదో ఒక జట్టు పేరుతోనో, హీరో పేరుతోనో నడుస్తున్నాయి. శీలం గురించి మాట్లాడాలంటే మనం ఆ మాటల దగ్గరికే వెళ్లాలి.

మన దేశంలో ఫుట్‌బాల్ వైరానికి పెద్ద ఊరు కోల్‌కతా. అక్కడ మోహన్ బగాన్ క్లబ్బు 1889లో, ఈస్ట్ బెంగాల్ క్లబ్బు 1920లో పుట్టాయి. మొదటిది పశ్చిమ బెంగాల్ స్థానికుల జట్టుగా, అంటే వాళ్ల మాటలో ఘొటీల జట్టుగా పేరుపడింది. రెండోది తూర్పు బెంగాల్ మూలాలున్న బాంగాల్‌ల జట్టు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిశ్ చేప, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య. ఇలిశ్ అంటే మరేదో కాదు, గోదావరికి ఎదురీదే మన పులసే. పుస్తెలమ్మైనా తినాలని సామెత కట్టుకున్న మనకు ఆ చేప మీద వాళ్ల మమకారం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఒకప్పుడు గెలిచినవాడు ఆ చేపను చేత పట్టుకుని ఊరేగేవాడు. ఇప్పుడు దాని బొమ్మను అవతలి వాడి ఫోన్‌కు పంపుతున్నాడు. 1975 సెప్టెంబర్ 30న ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5-0తో గెలిచింది. యాభై ఏళ్ల నాటి ఆ స్కోరు ఇప్పటికీ మోహన్ బగాన్ వాళ్లను గిల్లడానికి పనికొస్తోంది. 2009 అక్టోబర్‌లో మోహన్ బగాన్ 5-3తో గెలిచాక వాళ్లకూ ఒక అయిదు దొరికింది. అప్పటి నుంచి అంకెకు అంకెతో జవాబు చెబుతున్నారు.

ఇందులో తప్పేమీ లేదని మేము అనుకుంటున్నాం. బుద్ధుడు వాక్కు విషయంలో వదులుకోమన్నవి నాలుగు: అబద్ధం, చాడీ, పరుషమైన మాట, పనికిరాని మాట. చేప బొమ్మల సరదా నాలుగోదాని కిందికి వస్తుందని ఒక వాదం ఉంది. గట్టి వాదమే. రాజుల గురించి, దొంగల గురించి, సైన్యాల గురించి కబుర్లు మానుకోమన్న జాబితాలు సుత్తాల్లో కనిపిస్తాయి. కానీ ఆ జాబితాలు చెప్పింది భిక్షువులకు. పగలంతా పనిచేసి వచ్చిన మనిషి పక్కింటివాడితో ఆట గురించి నవ్వుకుంటే అది వృథా మాట కాదు, ఇద్దరి మధ్య ఇంకా స్నేహం ఉందని చెప్పే మాట. మనస్పర్ధలు వచ్చిన ఇళ్లలో ముందుగా ఆగిపోయేది వేళాకోళమే కదా.

అయితే ఆ సరదాకు ఒక లక్షణం ఉంది. దాన్ని అంతే బరువుతో తిరిగి ఇవ్వగలగాలి. ఐదు గోల్స్ అన్నవాడికి మరో ఐదు గోల్స్ చూపించవచ్చు. ఈ ఏడాది ఓడినవాడు వచ్చే ఏడాది గెలవవచ్చు. పైగా జట్టు మనం ఎంచుకున్నది. నచ్చకపోతే వదిలేయవచ్చు, ఎక్కడి నుంచో వచ్చి చేరవచ్చు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఘొటీ కాదు, బాంగాల్ కాదు. 1957 నుంచి 1962 దాకా ఈస్ట్ బెంగాల్‌కు ఆడి ఆ ఎరుపు పసుపు జెండా వాళ్లకు సొంత మనిషి అయ్యాడు. కులాన్ని తలుపులు మూసుకున్న వర్గంగా బాబాసాహెబ్ వివరించారు. క్లబ్బుకు తలుపులున్నాయి. అందుకే క్లబ్బు మీద వేసిన జోకు, పుట్టుక మీద వేసిన జోకు ఒకేలా వినిపించినా ఒకటి కావు. కులం మీద వేసిన జోకును తిరిగి వేయడానికి కింద ఉన్నవాడి చేతిలో ఏమీ ఉండదు. పైవాడి పుట్టుకను వెక్కిరిద్దామంటే ఆ మాటకు వెనకాల ఊరి వెలి లేదు, బావి దగ్గర అడ్డగింత లేదు. కాబట్టి అది తగలదు.

మరి ఘొటీ, బాంగాల్ అన్నవి కూడా పుట్టుకకు సంబంధించిన పేర్లే కదా అని అడగవచ్చు. అవును. ఇక్కడే విషయం చిక్కబడుతుంది. 1920లో ఒక మ్యాచ్‌లో శైలేశ్ బోస్ అనే ఆటగాడిని జొరాబగాన్ జట్టు పక్కన పెట్టింది. తూర్పు బెంగాల్ వాడు కావడం వల్లే పక్కన పెట్టారన్న కోపంలోంచి ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పుట్టిందని చెబుతారు. దేశ విభజన తర్వాత లక్షల మంది ఇల్లూ వాకిలీ వదిలి కోల్‌కతా చేరినప్పుడు బాంగాల్ అన్న మాట తేలిక మాట కాదు. ఈస్ట్ బెంగాల్ వాళ్లను ‘లోటా’ అని ఎత్తిపొడవడం ఈనాటికీ ఉంది. లోటా అంటే మన చెంబే. అన్నీ పోగొట్టుకుని వచ్చిన వాళ్లకు ఆ మాట ఎక్కడ గుచ్చుకుని ఉంటుందో ఊహించవచ్చు. దాన్ని నవ్వుగా మార్చింది కాలం కాదు, గెలుపులు. కాందిశీకులకు ఒక జెండా, ఒక గ్యాలరీ, మోహన్ బగాన్‌ను ఓడించగల పదకొండు మంది దొరికారు. ఎదుటివాడితో సమానంగా నిలబడ్డాక లోటా అన్నా నవ్వగలిగారు. 2020 జనవరిలో పౌరసత్వం కాగితాల గొడవ నడుస్తున్నప్పుడు జరిగిన డెర్బీలో ఈస్ట్ బెంగాల్ అభిమానులు, ఈ నేల మాకు కాగితాలతో వచ్చింది కాదు, నెత్తురు పోసి సంపాదించుకున్నది అనే అర్థం వచ్చే పెద్ద బ్యానర్ ఎత్తారు. పాత గాయం నవ్వు కింద ఉందే తప్ప పోలేదు.

ఇక్కడ మనం మాత్రమే ఆగి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ గ్యాలరీలో చోటు దొరికిన కాందిశీకులు ఎవరు? తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లంతా ఒకటి కాదు. 1946లో బాబాసాహెబ్‌ను బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకు పంపడంలో ముందు నిలిచింది జోగేంద్రనాథ్ మండల్, ఆయన వెంట ఉన్న నామశూద్రులు. ఆ నామశూద్రులే తర్వాత కాందిశీకులై వస్తే, పై కులాల వాళ్లు కోల్‌కతా చుట్టూ కాలనీల్లో స్థిరపడగా, వీళ్లలో ఎంతోమందిని దండకారణ్యానికి పంపేశారు. 1978లో తిరిగి వచ్చి సుందర్‌బన్స్‌లోని మరిచ్‌ఝాపి దీవిలో గుడిసెలు వేసుకుంటే 1979లో పోలీసు బలంతో ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్ల లెక్క ఇప్పటికీ తేలలేదు. మన కాగజ్‌నగర్ పక్కన కూడా బెంగాలీ కాందిశీకుల ఊళ్లున్నాయి. బాంగాల్ అన్న మాటను సరదాగా మార్చుకునే సౌకర్యం కొందరికే దక్కింది. ఒకే మాట ఒకరికి జోకు, మరొకరికి బతుకు. జోకు వేసేవాడు సాధారణంగా ఈ తేడా చూడడు.

బుద్ధుడు ఎగతాళి చేయలేదా? చేశాడు. అస్సలాయన సుత్తంలో పదహారేళ్ల బ్రాహ్మణ యువకుడు, బ్రాహ్మణులు బ్రహ్మ నోటి నుంచి పుట్టారు కాబట్టి శ్రేష్ఠులు అంటాడు. బ్రాహ్మణ స్త్రీలు కూడా ముట్టవుతారు, గర్భం దాలుస్తారు, కంటారు, పాలిస్తారు కదా, మరి నోటి నుంచి పుట్టడమేమిటని బుద్ధుడు అడుగుతాడు. చదివితే నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు బ్రాహ్మణుడి పుట్టుక మీద కాదు, పుట్టుకను చూసుకుని మిడిసిపడే గర్వం మీద. నువ్వూ అందరిలాగే పుట్టావని గుర్తుచేయడం అందులోని సారం. ఎగతాళి పనికొచ్చేది అలాంటి చోట. పొగరెక్కిన క్లబ్బునూ, డబ్బుతో ఆటగాళ్లను కొని గెలిచామనుకునే యజమానినీ, గెలిచాక కళ్లు కనిపించని అభిమానినీ వెక్కిరించవచ్చు. అదంతా గర్వం మీద పడే దెబ్బే.

1997 జూలై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు సాల్ట్ లేక్ స్టేడియంలో 1,31,000 మందికి పైగా వచ్చారు. ఆ మ్యాచ్‌కు ముందు మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్ల పేర్లను విరిచి వెక్కిరించాడు. సోసోను శోశా, అంటే దోసకాయ అన్నాడు. ఒమోలోను ఆమ్లెట్ అన్నాడు. సిక్కిం నుంచి వచ్చిన భైచుంగ్ భూటియాను ‘చుంగ్ చుంగ్’ అన్నాడు. భూటియా మూడు గోల్స్ కొట్టాడు, ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. కోల్‌కతా అభిమానులు ఈ కథను ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. గొప్పలకు పోయిన నోటికి బంతితో జవాబు వచ్చిందని. మాకు మాత్రం ఆ మూడో పేరు దగ్గర నవ్వు ఆగిపోతుంది. ఈశాన్యం నుంచి వచ్చిన పిల్లలు మన నగరాల్లో అద్దె ఇంటి కోసం తిరిగేటప్పుడు వినే మాటలు సరిగ్గా ఆ శబ్దంలోనే ఉంటాయి. భూటియాకు కాళ్లలో జవాబు ఉంది కాబట్టి సరిపోయింది. గోల్ కొట్టలేనివాడి మాటేమిటి?

2021 జూలై 11న యూరో ఫైనల్లో ఇంగ్లండ్ పెనాల్టీల్లో ఇటలీ చేతిలో ఓడింది. పెనాల్టీలు తప్పిన రాష్‌ఫర్డ్, సాంచో, సాకా ముగ్గురూ నల్లవాళ్లు. ఆ రాత్రే వాళ్ల ఫోన్లు కోతి బొమ్మలతో నిండిపోయాయి. పంపినవాళ్లలో వాళ్ల సొంత జట్టు అభిమానులూ ఉన్నారు. అదే ఏడాది ఆగస్టులో మన మహిళల హాకీ జట్టు ఒలింపిక్స్ సెమీఫైనల్లో ఓడినప్పుడు హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో వందనా కటారియా ఇంటి ముందు టపాకాయలు కాల్చి, కులం పేరుతో తిట్టారని కేసు నమోదైంది. అరెస్టులు జరిగాయి. దేశం ఓడితే దేశం వాడే టపాకాయలు కాల్చడమేమిటని ఆశ్చర్యపోయినవాళ్లు చాలామంది. మనలో ఎవరికీ అంత ఆశ్చర్యం కలిగి ఉండదు.

పుట్టుక తర్వాత ఎగతాళి తాకకూడని రెండోది చావు. మోహన్ బగాన్ 5-0 ఓటమిని తట్టుకోలేక ఒక అభిమాని ప్రాణం తీసుకున్నాడు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్‌లో ఆటగాళ్ల గొడవ గ్యాలరీకి పాకి, ఆ తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. కోల్‌కతాలో ఆ రోజును ఫుట్‌బాల్ అభిమానుల దినంగా రక్తదానంతో గుర్తుచేసుకుంటారు. ఇంగ్లండ్‌లో ఇందుకు తలకిందులుగా జరుగుతోంది. 1958లో మ్యూనిక్ విమాన ప్రమాదంలో 23 మంది చనిపోయారు, అందులో ఎనిమిది మంది మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్లు. 1989 హిల్స్‌బరో తొక్కిసలాట 97 మంది లివర్‌పూల్ అభిమానులను బలి తీసుకుంది. ఈ చావుల మీద అవతలి జట్టు వాళ్లు పాటలు కట్టి గ్యాలరీల్లో పాడుతున్నారు, ఫోన్లలో పంచుకుంటున్నారు. ఐదు గోల్స్ అని గిల్లడం వేరు, ఆ ఐదు గోల్స్‌కు చనిపోయిన కుర్రవాడి పేరెత్తి నవ్వడం వేరు. చావుకు బదులు చావునే చూపించగలం. ఆ దారిలో మొదలైన ఎగతాళికి ఆగే చోటు లేదు.

ఇదంతా ఫోన్‌లోకి రావడం వల్ల ఒక నష్టం జరిగింది. మైదానం నుంచి ఇంటికి ఒకే ట్రాములో వెళ్లే ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూస్తారు. మాట ఎక్కడ గుచ్చుకుందో ముఖం చెబుతుంది. వెంటనే భుజం మీద చేయి వేసి సర్దుకోవచ్చు. ఫోన్‌లో ముఖం లేదు. ఉన్నదల్లా చూస్తున్న జనం. ఉదానంలో ఏనుగు చుట్టూ చేరిన పుట్టుగుడ్డివాళ్ల కథ అందరికీ తెలుసు. వాళ్లు తన్నుకుంటుంటే చూసి మురిసిపోయిన రాజును మాత్రం మరిచిపోతాం. ఇద్దరు అభిమానులు తెల్లవార్లూ తిట్టుకుంటే ప్రకటనలు అమ్ముకునే కంపెనీలు ఇప్పుడు ఆ రాజు స్థానంలో కూర్చున్నాయి.

తిట్టు పడినవాడు ఏం చేయాలి? తనను బండబూతులు తిట్టిన భారద్వాజుడితో బుద్ధుడు, అతిథి ముట్టని వంట ఎవరిదవుతుందని అడుగుతాడు. వండినవాడిదే. నీ తిట్లు నేను తీసుకోలేదు, నీవి నీకే అంటాడు. గొప్ప మాట. ఐదు గోల్స్ మీద వచ్చిన తిట్లకు ఇదే మందు. కానీ కులం పేరుతో తిట్టినవాడిని క్షమించమని మన పిల్లలకు ఈ కథ చెప్పేవాళ్లు కొందరున్నారు. వాళ్లతో మేము ఏకీభవించం. భారద్వాజుడి తిట్ల వెనక బుద్ధుడిని ఊరి నుంచి వెళ్లగొట్టే వ్యవస్థ లేదు. మనసులోకి తిట్టును తీసుకోకపోవడం ధమ్మం. అంటే తిట్టినవాడి మీద ఫిర్యాదు చేయకూడదని కాదు. పదిమంది చూస్తుండగా కులం పేరుతో అవమానించడం 1989 చట్టం కింద నేరం. ‘జోకేశాను, అంతే’ అన్నది దానికి జవాబు కాదు. అలాగే మన కుర్రాళ్లు ఎదుటి జట్టు ఆటగాడి రంగు గురించో, అతని తల్లి గురించో, ఆడవాళ్ల ఆట గురించో రాసే వాటికీ ‘జోకే కదా’ అన్నది జవాబు కాదు.

2024 ఆగస్టు 18న కోల్‌కతాలో డ్యురాండ్ కప్ డెర్బీ జరగాలి. ఆర్.జి. కర్ ఆసుపత్రిలో యువ డాక్టర్ హత్యాచారం మీద ఊరంతా ఉడికిపోతున్న రోజులవి. భద్రతా కారణాలు చూపి మ్యాచ్ రద్దు చేశారు. మ్యాచ్ లేకపోయినా ఆ సాయంత్రం ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అభిమానులు సాల్ట్ లేక్ స్టేడియం ముందుకు వచ్చారు. మొహమ్మదన్ స్పోర్టింగ్ వాళ్లూ కలిశారు. ఎరుపు పసుపు జెండాలు, ఆకుపచ్చ మెరూన్ జెండాలు ఒకే గుంపులో ఎగిరాయి. న్యాయం కావాలన్న నినాదం అందరి నోటా ఒక్కటే. పోలీసులు లాఠీలు ఎత్తినప్పుడు ఎవరు ఘొటీ, ఎవరు బాంగాల్ అని చూడలేదు. తర్వాత అక్టోబర్ 19న అదే స్టేడియంలో మళ్లీ డెర్బీ జరిగింది. ఎవరి గ్యాలరీలో వాళ్లు కూర్చున్నారు. మోహన్ బగాన్ 2-0తో గెలిచింది.