రేపు విప్పే చెయ్యి

ఆ ఆదివారం పొద్దున కొండాపూర్‌లోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, కారు ముందు బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుందామని కూర్చున్నాను. వీడియోలు చూశాను, ప్యాడ్లు తెచ్చుకున్నాను. జాకీ ఎత్తకముందే, టైరు నేలమీద ఉండగానే నట్లు వదులు చేసుకోవాలని కూడా తెలుసు. నాలుగు నట్లలో మూడు మూలుగుతూ వచ్చాయి. నాలుగోది రాలేదు.

ఎంత రాలేదో లెక్కలో చెప్తాను. ఇలాంటి చిన్న కార్లకి చక్రం నట్టు సుమారు 100 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగిస్తే చాలు. నా పానా పొడవు 25 సెంటీమీటర్లు, నా బరువు 70 కిలోలు. దాని చివర ఎక్కి నిలబడితే 170 దాకా పడుతుంది. నిలబడ్డాను. ఎవరూ చూడట్లేదని కాస్త ఎగిరాను కూడా. నట్టు కదల్లేదు, పానా జారింది, మోకాలు గచ్చుకి కొట్టుకుంది.

వాచ్‌మన్ అన్న వచ్చి చూశాడు. ఒకప్పుడు లారీ మీద క్లీనర్‌గా చేశాడట. "అట్ల తొక్కకు సార్. మూలలు అరిగినయంటే ఇగ ఎవ్వనికీ రాదు. నూనె కొట్టి ఇడిసిపెట్టు, చాయ్ తాగి రాపో," అన్నాడు.

డబ్ల్యూడీ-40 కొట్టాను. ఆ పేరు నీటిని తరిమే మందు కోసం 1953లో చేసిన నలభయ్యో ప్రయత్నానికి గుర్తు. ముప్పై తొమ్మిది సార్లు కుదరనిది డబ్బా మీదే ఒప్పుకున్న వస్తువు కాబట్టి నాకు దాని మీద గౌరవం. మర సందుల్లోకి అది మెల్లగా పాకాలి. తుప్పు తను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే నట్టు అలా పట్టేస్తుంది. కానీ దీనికి తుప్పొక్కటే కారణం కాదు. ఎప్పుడో టైర్లు మార్పించినప్పుడు ఎవరో ఎయిర్ గన్‌తో టర్రుమనిపించి వదిలేశారు.

చాయ్ తాగుతూ ముందు అతన్ని తిట్టుకున్నాను, తర్వాత అతని వైపు నుంచి ఆలోచించాను. నట్టు వదులుగా ఉండి చక్రం ఊడితే వాణ్ణి వెతుక్కుంటూ వెళ్తారు. మరీ బిగిస్తే ఎవరూ రారు. ఆ నట్టు దగ్గర చెమటలు కక్కేవాడికి బిగించింది ఎవరో కూడా తెలియదు. అంటే భయమంతా ఒకే వైపు ఉంది, అందుకే చెయ్యి కూడా ఒకే వైపు తిరుగుతుంది. పైగా ఎక్కువ బిగించడం చూసేవాళ్ళకి శ్రద్ధలా కనిపిస్తుంది.

అది శ్రద్ధ కాదు. బోల్టు స్ప్రింగులా కాస్త సాగి, ఆ సాగుడుతో పట్టుకుంటుంది. మనం పెట్టే బలంలో దాదాపు 10 శాతమే ఆ పట్టుకి పోతుంది, మిగతాదంతా రాపిడికే. హద్దు దాటి సాగదీస్తే పట్టు పెరగకపోగా బోల్టు బలహీనపడుతుంది. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మీద అర్ధరాత్రి పంక్చరైతే, డిక్కీలో స్టెప్నీ ఉండీ, కారుతో వచ్చిన ఆ చిన్న పానాతో నట్టు విప్పలేక నిలబడిపోయేవాళ్ళని ఊహించండి. వాళ్ళని ఆపింది జాగ్రత్త పేరుతో జరిగిన పనే.

ఇరుక్కుపోయిన స్క్రూ గురించి అనగానే చాలామందికి రాబర్ట్ పర్సిగ్ 1974 నాటి మోటార్‌సైకిల్ పుస్తకం గుర్తొస్తుంది. అందులో గురి విప్పలేక ఆగిపోయిన మనిషి మీద. నాకు ఆ పొద్దున బిగించి వెళ్ళిపోయిన మనిషి మీదకి పోయింది. మనం మూసినదాన్ని రేపు తెరవబోయే, మొహం కూడా తెలియని మనిషికి మనం ఏమైనా బాకీ ఉంటామా?

ఈ ఊరికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి అమీర్‌పేటలో కుర్రాళ్ళు కోబాల్ నేర్చుకుంటున్నారు. ఎక్కడో, ఎప్పుడో ఎవరో మెమరీ ఆదా కోసం సంవత్సరాన్ని రెండంకెల్లో రాసి వెళ్ళారు. ఆ నట్లు 2000 లోపు విప్పడానికి చేతులు కావలసి వచ్చాయి. వాళ్ళేం చెడ్డవాళ్ళు కాదు, అప్పట్లో మెమరీ ఖరీదు అలాంటిది. మాలో చాలామంది జీతాలు ఇప్పటికీ ఇంకొకరు బిగించి వదిలేసినవాటి మీదే నడుస్తున్నాయి.

అతన్ని తిట్టుకునే హక్కు నాకు ఎంతుందో కూడా చెప్పాలి. పాత కంపెనీలో నోటీస్ పీరియడ్ చివరి వారం ఒక స్క్రిప్ట్ రాశాను. పని చేసింది, క్లయింట్ సంతోషించాడు. అది ఎందుకలా రాశానో ఒక్క లైను కూడా రాయలేదు. ఎనిమిది నెలల తర్వాత రాత్రి పదకొండున్నరకి ఆ ప్రాజెక్టులో ఉన్న కుర్రాడు ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. "గుర్తులేదు తమ్ముడూ," అన్నాను. గుర్తుంది. వివరించాలంటే గంట పడుతుంది, నాకు నిద్రొస్తోంది.

గంటన్నర తర్వాత ఆరు మూలల సాకెట్ పెట్టి, హ్యాండిల్‌కి ఇనుప పైపు తొడిగాం. అన్న చెప్పినట్టు ముందు వెంట్రుకవాసి బిగించే వైపు లాగి, తర్వాత వెనక్కి తిప్పాను. కిర్రుమంది. వచ్చేసింది.

తిరిగి బిగించేటప్పుడు, రేపటివాడికి సులువుగా ఉంటుందని మరలకి నూనె రాయబోయాను. మాన్యువల్ వద్దంటోంది. నూనె ఉంటే రాపిడి తగ్గి, అదే టార్క్‌కి బోల్టు ఎక్కువ సాగుతుంది. అడ్డగోలు దయ కూడా పనికిరాదన్నమాట. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, ఉన్న నూనె తుడిచేసి, రాణిగంజ్‌లో కొన్న టార్క్ రెంచ్‌తో ఎదురెదురుగా, టక్‌మనే దాకా బిగించాను. పలుపు కట్టేవాళ్ళు జారుముడి వేసేది ఇందుకే. పశువు లాగితే ఆగాలి, మనిషి కొస లాగితే ఊడాలి. పీటముడి ఎవరైనా వేస్తారు.

ఆ సాయంత్రం కుర్రాడి నంబరు వెతికి మెసేజ్ పెట్టాను. ఆ రాత్రి నాకు గుర్తుందనీ, అబద్ధం చెప్పాననీ, ఇప్పుడైనా కావాలంటే కూర్చుని చెప్తాననీ.

పది నిమిషాలకి జవాబొచ్చింది. అతను కూడా అక్కడ మానేసి ఏడాదైందట. "పర్లేదన్నా. ఆ రాత్రి దాని మీద ఇంకో స్క్రిప్ట్ వేసి మూసేశా. వచ్చేటప్పుడు నేనూ ఎవరికీ చెప్పలేదు."