ఆత్మావమానము వినయము కాదు



వినయము సద్గుణమని మనమందఱ మెఱుగుదుము. అయితే వినయపు వేషము ధరించి మన గృహములయందు సంచరించు దోష మొకటి కలదు. “ఆడుదానను, నాకేమి తెలియును?” అను మాటయే యా దోషము.

న్యాయవాదవృత్తిలో నే నెఱిగిన సంగతి యొకటి చెప్పెదను. తండ్రి గతించిన పిదప ఒక యిల్లాలు తన భాగమును సోదరులకు వదలుకొను పత్రము వ్రాసియిచ్చుటకై వచ్చెను. ఆమె ప్రతిదినమును భాగవతము చదువుకొనునట్టిది. అయినను పెద్దలు చూచుచుండగా కలము పట్టుటకు జంకి, సంతకము చేయవలసిన చోట బొటనవ్రేలు చాపెను. పత్రమున నేమున్నదని ఆమె యడుగలేదు. చదివి చూచెదరా యని నేనును అడుగలేదు. సిరాపెట్టెను ఆమె చెంతకు జరిపినవాడను నేనే. ఆ వ్రేలిముద్ర నేటికిని నా మనస్సునుండి చెఱగలేదు.

హిందువుల యుమ్మడి కుటుంబపు ఆస్తియందు పుత్రులతో సమానమైన హక్కు ఆంధ్రప్రదేశమున 1985లో అవివాహితలైన కుమార్తెలకును, దేశమంతట 2005లో కుమార్తెలందఱకును శాసనసిద్ధమయ్యెను. శాసనము హక్కు నీయగలదు గాని “నేను దీనికి తగుదును” అను నమ్మకము నీయజాలదు.

ఈ యపనమ్మకము స్త్రీకి స్వభావసిద్ధమా? కాదు. “నీకెందుకు, ఊరకుండుము” అని నూఱుమార్లు విన్న బాలిక నూటయొకటవ మాఱు తానే యట్లనుకొనును. పరుల కంఠమును తన యంతరాత్మయని భ్రమించును.

భండారు అచ్చమాంబగారు (1874–1905) పాఠశాలకు పోయి చదివినవారు కారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు తమ యింట నుండి చదువుకొనుచుండగా, ఆయనతోపాటు తామును చదువు నేర్చికొనిరి. పుత్రశోకము ననుభవించిరి. అయినను ముప్పదియేండ్ల స్వల్పజీవితమున “అబలాసచ్చరిత్ర రత్నమాల” రచించి, స్త్రీలు బుద్ధిహీనలను వాదమును స్త్రీల చరిత్రలతోనే ఖండించిరి. 1902లో మచిలీపట్టణమున స్త్రీసమాజమును నెలకొల్పిరి. తాము తగుదుమో తగమో పరులు తేల్చువఱకు వేచియుండిన, ఆ గ్రంథము పుట్టియుండునా?

గ్రంథరచనయే విజయమా? 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు ప్రథమ వితంతువివాహము జరిపించినప్పుడు, బహిష్కారభీతిచే వంటవారును నీళ్లవారును రాకపోయిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి వంట చేసిరి. ఆ బిందెకు బిరుదేదియు లేదు. అయినను ఆనాటి కార్యము నిలిచినది ఆ బిందెవలనను గదా!

వంటయే స్త్రీకి విజయమని నేననుటలేదు. అట్లని చెప్పి స్త్రీలను వంటింట బంధించినవారు మున్నే పెక్కండ్రు గలరు. ఎవరి యాజ్ఞచేతనో చేసిన పని కొలువు. తన మనస్సాక్షి మంచిదని చెప్పగా తానై పూనిన పని విజయము. అది బిందె యైనను, గ్రంథమైనను, న్యాయపీఠమైనను భేదము లేదు. పొరుగువారి మెప్పును కొలబద్దగా గైకొన్నవారికి ఎంత సాధించినను కొఱతయే తోచును.

సోదరీమణులారా, సంతకమునకు ముందు చదువుడు. తెలియనిచో అడుగుడు. అడుగుట యవివేకము కాదు. భాగమును వదలుకొనదలచినచో వదలుకొనుడు. కాని అది మీ యౌదార్యము కావలయునే గాని మీ భయము కారాదు.

సోదరులారా, మన తల్లులకు, భార్యలకు, కుమార్తెలకు సిరాపెట్టెను జరుపుట మాని కలము నందింతము.

పరమేశ్వరా, నీ విచ్చిన బుద్ధిని లేదనుకొనుట నీ దానమును నిరాకరించుట యని మాకు తెలియజేయుము. మా నోట “నీకేమి తెలియును” అను మాట రాకుండ కాపాడుము. ఓం శాంతిః.